ఆంత్రోపాలజీ ఎంఏ చేస్తే తిండి దొరుకుతుందా? 5,52,000 రూపాయల లెక్క

చెల్లెమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) అయిపోయింది, సీయూఈటీ పీజీ ఎంట్రన్స్ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) సీటు వచ్చింది, ఇంకోపక్క పాశమైలారంలో ఫార్మా కంపెనీ క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షించే చోట) నెలకి 18 వేల ఉద్యోగం రెడీగా ఉంది, నాన్నగారు మణుగూరు సింగరేణిలో, ఇంకో రెండేళ్ళలో రిటైర్మెంట్, ఆయనేమో "ఆ చదువు చదివితే తిండి పెట్టేదెవడు" అంటున్నారు. నీకేమో సబ్జెక్ట్ మీద మనసుంది. ఏం చెయ్యాలి అనేది నీ ప్రశ్న.

ముందు నా సంగతి చెప్తా, ఎందుకంటే ఎవడు చెప్తున్నాడో తెలీకుండా సలహా తీసుకోకూడదు. నేను ఆంధ్రా యూనివర్సిటీలో 2001-03 బ్యాచ్ ఎంఏ ఆంత్రోపాలజీ. మేం మొత్తం 11 మందిమి. ఈ రోజు చూస్తే ఒకడు గ్రూప్-2 కొట్టి రెవెన్యూలో ఉన్నాడు, ఒకమ్మాయి కేంద్ర ప్రభుత్వ రీసెర్చ్ ఉద్యోగంలో ఉంది, ఒకడు పధ్నాలుగేళ్ళు గెస్ట్ ఫ్యాకల్టీగా నలిగి నలిగి ఇప్పటికి పర్మనెంట్ అయ్యాడు, నాతో కలిపి నలుగురం ఎన్‌జీవోలు, సర్వేలు, కన్సల్టెన్సీలు అంటూ తిరిగి సెటిల్ అయ్యాం, ఒకడు ఎల్ఐసీ, ఒకడికి గాజువాకలో హార్డ్‌వేర్ షాపు, ఇద్దరమ్మాయిలు పెళ్ళయ్యాక మానేశారు. అంటే 11 మందిలో సబ్జెక్ట్ మీద బతుకుతున్నది ఆరుగురు. ఇది సర్వే కాదు, ఒక్క క్లాసు కథ. కానీ "గ్యారంటీగా ఉద్యోగం" అనే వాళ్ళ మాటా "రోడ్డున పడతావ్" అనే వాళ్ళ మాటా రెండూ అబద్ధమే అని తెలియడానికి ఇది చాలు.

ఇప్పుడు లెక్కకొద్దాం, నాన్నగారి ముందు పెట్టేలా. ప్రభుత్వ యూనివర్సిటీలో రెగ్యులర్ సీటు ఫీజు వేలల్లోనే ఉంటుంది, లక్షల్లో కాదు, అందుకే అందరూ "ఆంత్రోపాలజీ చవక కోర్సు" అంటారు. అక్కడే పప్పులో కాలేస్తారు. ఫీజులూ చిల్లరా కలిపి రెండేళ్ళకి 40 వేలు వేసుకో, హాస్టల్ మెస్సు నెలకి 4 వేల చొప్పున ఇరవై నెలలకి 80 వేలు. ఇంతే అయితే ఎవరూ ఆలోచించక్కర్లేదు. కానీ నువ్వు వదులుకునే 18 వేల జీతం ఉంది చూశావూ, అది 24 నెలలకి 4,32,000. మొత్తం 5,52,000. ఇదీ నీ ఎంఏ అసలు ధర, ఇందులో ముప్పావు వంతు పైగా నువ్వు ఎవరికీ చెక్కు రాసి ఇవ్వవు కాబట్టి కంటికి కనపడదు.

ఇంకో అడుగు వెయ్యి. రెండేళ్ళ తర్వాత ఎంఏ అయిపోయి ఏదో ప్రాజెక్టులో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా 27 వేలకి చేరావనుకో, ఈలోపు ఫార్మాలో ఉండి ఉంటే ఎలాగూ 22 వేలు అయ్యుండేది. తేడా 5 వేలు. ఆ 5,52,000 నెలకి 5 వేల చొప్పున వెనక్కి రావాలంటే 110 నెలలు, అంటే తొమ్మిదేళ్ళు పైనే. అదీ మధ్యలో ఖాళీ లేకుండా పని దొరికితే. నాకు దొరకలేదు. 2003లో పాడేరు దగ్గర ఒక సంస్థలో నెలకి 4,500కి చేరా, మూడేళ్ళ ప్రాజెక్టు అన్నారు, ఏడాదిన్నరకే ఫండ్ ఆగిపోయింది, ఆఖరి రెండు నెలల జీతం ఇప్పటికీ రాలేదు, తర్వాత ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నా. ప్రాజెక్టు ఉద్యోగం అంటే అదే, డబ్బు ఎక్కడో ఢిల్లీలోనో ఫారిన్‌లోనో ఆగితే ఇక్కడ మన వంటింట్లో పొయ్యి ఆగుద్ది.

సరే, మాస్టర్స్ చేసినవాళ్ళు మామూలుగా ఎక్కడికి పోతారు? టీచింగ్. మన సబ్జెక్టుకి అక్కడే మొదటి దెబ్బ. ఇంటర్‌లో ఆంత్రోపాలజీ లేదు, స్కూల్లో లేదు, కాబట్టి హిస్టరీ వాళ్ళకీ ఎకనామిక్స్ వాళ్ళకీ ఉన్నట్టు జూనియర్ లెక్చరర్ అనే మెట్టు మనకి లేదు. డిగ్రీ కాలేజీల్లో చాలా తక్కువ. మిగిలింది యూనివర్సిటీలు, మన రెండు రాష్ట్రాల్లో చూసుకుంటే ఆంధ్రా, వెంకటేశ్వర, హెచ్‌సీయూ లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి యూజీసీ ఏడో పే స్కేలు ప్రకారం మొదటి బేసిక్కే 57,700, డీఏ గీఏ కలిపితే బ్రహ్మాండం, కాదనను. కానీ ఆ కుర్చీ ఖాళీ అయ్యేది ఒకటి, దాని కింద నిలబడేది పీహెచ్‌డీలున్న యాభై మంది. మా వాడు పధ్నాలుగేళ్ళు గంటల లెక్కన జీతం తీసుకుని, ఎండాకాలం సెలవల్లో అదీ లేక, ట్యూషన్లు చెప్పుకుని బతికాడు. పర్మనెంట్ ఆర్డర్ వచ్చిన రోజు ఫోన్ చేసి "ఒరేయ్, ఇంక పదిహేనేళ్ళ సర్వీసు మిగిలింది రా" అన్నాడు, సంతోషంగా చెప్పాడో ఏడుస్తూ చెప్పాడో నాకర్థం కాలా.

ఇక సివిల్స్. మీ నాన్నగారి ముందు "ఐఏఎస్‌కి ఆంత్రోపాలజీ బాగా పనికొస్తుందట" అని నువ్వు చెప్పే ఉంటావ్, అందరూ చెప్తారు. నిజమే, ఆప్షనల్‌గా మంచి సబ్జెక్టే, రెండు పేపర్లు, 250 చొప్పున 500 మార్కులు, మెయిన్స్ రాతపరీక్ష మొత్తం 1750లో అది చిన్న ముక్క కాదు. కానీ ఒక్కటి గమనించు. 2017 సివిల్స్‌లో దేశం మొత్తానికి ఫస్ట్ ర్యాంక్ తెచ్చుకున్న మన మెట్‌పల్లి దురిశెట్టి అనుదీప్ ఆప్షనల్ ఆంత్రోపాలజీ, ఆయన చదివింది బిట్స్‌లో ఇంజినీరింగ్. 2023లో మూడో ర్యాంక్ వచ్చిన మహబూబ్‌నగర్ అమ్మాయి దోనూరు అనన్య రెడ్డి ఆప్షనల్ కూడా ఇదే, డిగ్రీ చేసింది జాగ్రఫీ. ఆ ఆప్షనల్‌కి ఈ డిగ్రీ అక్కర్లేదు, సిలబస్ చిన్నది కాబట్టి కొన్ని నెలలు కూర్చుంటే బయటివాళ్ళు కూడా పూర్తి చేస్తారు. కాబట్టి సివిల్స్ కోసమే అయితే రెండేళ్ళు ఎంఏ మీద పెట్టడం దండగ అంటా నేను, మా ప్రొఫెసర్లు వింటే తిడతారు, తిట్టనీ. పైగా మన గ్రూప్-1 మెయిన్స్‌లో అసలు ఆప్షనలే లేదు.

మరి ఈ లెక్క ఎక్కడ తిరగబడుతుందంటే నెట్ జేఆర్ఎఫ్ దగ్గర, అంటే యూజీసీ నెట్ పరీక్షలో పైన నిలిచినవాళ్ళకి రీసెర్చ్ కోసం ఇచ్చే ఫెలోషిప్ దగ్గర. జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీలో చేరాక మొదటి రెండేళ్ళు నెలకి 37 వేలు, ఆ తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) కింద 42 వేలు, హెచ్ఆర్ఏ వేరే, 2023 జనవరి నుంచి ఈ రేట్లు. మొదటి రెండేళ్ళకే 8,88,000, ఫార్మాలో అయ్యుండే 22 వేలతో తేడా చూస్తే నెలకి 15 వేలు, అంటే ఆ 5,52,000 తొమ్మిదేళ్ళు కాదు, దాదాపు మూడేళ్ళలో వెనక్కి వచ్చేస్తుంది. అదే జేఆర్ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తే నాన్-నెట్ ఫెలోషిప్ 8 వేలు. ఒకే హాస్టల్లో పక్కపక్క రూముల్లో ఉండి ఒకే పని చేసేవాళ్ళ మధ్య ఇంత తేడా. అందుకే సీటు తీసుకుంటే మొదటి సెమిస్టర్ నుంచే నెట్ పేపర్లు ముందేసుకో, ఏడాదికి రెండుసార్లు పెడతారు, పేపర్-1 వంద మార్కులది ఎవరైనా ప్రాక్టీసుతో దాటొచ్చు, పేపర్-2 రెండు వందలది, అందులో ఫిజికల్ ఆంత్రోపాలజీ, జెనెటిక్స్ ప్రశ్నలు దండిగా ఉంటాయి, బీఏ నుంచి వచ్చిన పిల్లలు అక్కడ తడబడతారు, బీజెడ్‌సీ చదివిన నీకు అది వెన్నతో పెట్టిన విద్య. ఎస్టీ అయితే ట్రైబల్ ఎఫైర్స్ మినిస్ట్రీ ఇచ్చే నేషనల్ ఫెలోషిప్ కూడా ఉంది, ఏడాదికి 750 మందికి, నువ్వు చెప్పలేదు గానీ వర్తిస్తే చూసుకో.

బీజెడ్‌సీ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఆంత్రోపాలజీ అంటే గిరిజన గూడేలు, పండగలు అని చాలామంది అనుకుంటారు, సగం సబ్జెక్టు శరీరం గురించే. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్ళ పోషకాహార సర్వేల్లో పిల్లల ఎత్తు, బరువు, దండచేయి చుట్టుకొలత కొలిచేదీ, హబ్సీగూడలోని జన్యు పరిశోధన సంస్థ సీసీఎంబీలో మన జనాభా డీఎన్ఏ మీద చేసేదీ మన పక్క పనులే. 2009లో సీసీఎంబీ, హార్వర్డ్ వాళ్ళు కలిసి 25 సమూహాల డీఎన్ఏ చూసి, ఇప్పటి మనవాళ్ళలో చాలామంది రెండు పాత జనాభాల కలయిక అని తేల్చిన పేపర్ చూడు. ఇలాంటి చోట్ల ఏ ఊరు, ఏ తెగ, ఏ ఇంటిపేరు, ఎవరికి ఎవరు మేనరికం అనేది తెలిసినవాడు లేకపోతే ల్యాబులో ఎంత మెషిన్ ఉన్నా శాంపిల్ చెత్తే. ఇవి ఎక్కువగా ప్రాజెక్ట్ పోస్టులే, పర్మనెంట్ కాదు, కానీ నీ డిగ్రీ బ్యాక్‌గ్రౌండ్‌తో అక్కడ నీకు పోటీ తక్కువ.

కేంద్రంలో ఆంత్రోపలాజికల్ సర్వే ఉంది, 1945లో పెట్టింది, హెడ్ ఆఫీసు కోల్‌కతా, దక్షిణాది సెంటర్ మైసూరు. జీతం బాగుంటుంది, పోస్టులు మాత్రం ఎప్పుడో గానీ పడవు, దాన్ని నమ్ముకుని కూర్చోకు. రాష్ట్రాల్లో ట్రైబల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్లు, గిరిజనాభివృద్ధి సంస్థలైన ఐటీడీఏల్లో కాంట్రాక్టు పనులు ఉంటాయి, భద్రాచలం ఐటీడీఏ మీకు పక్కనే కదా. భూసేకరణ చట్టం 2013 వచ్చాక సోషల్ ఇంపాక్ట్ స్టడీ (జనం మీద ఏం ప్రభావం పడుతుందో చూసే అధ్యయనం) తప్పనిసరి అన్నారు, మాలాంటివాళ్ళం ఇంక పనే పని అనుకున్నాం, తర్వాత మన రెండు రాష్ట్రాలూ సవరణలు తెచ్చి చాలా ప్రాజెక్టులకి ఆ స్టడీ లేకుండా చేసుకునే దారి పెట్టుకున్నాయి, మా పని సగం అక్కడే పోయింది. ఈ రంగం ఎప్పుడూ అంతే. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం చనిపోయాకే కదా నిజాం సర్కారుకి గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనిపించింది, అప్పుడు ఆస్ట్రియా ఆంత్రోపాలజిస్టు హైమన్‌డార్ఫ్‌ని పెట్టుకున్నారు, ఆయన మార్లవాయిలో కాపురం ఉండి గోండు టీచర్లకి ట్రైనింగ్ సెంటర్ పెట్టించాడు. అప్పుడైనా ఇప్పుడైనా ఆంత్రోపాలజిస్టుకి పని గొడవ తర్వాతే పడుతుంది, ముందు పిలవరు.

ఇప్పుడు డబ్బులున్న వైపు. నా జీతం నిజంగా పెరిగింది 2016లో, హైదరాబాద్ వచ్చి, జనం ఒక యాప్‌నో వస్తువునో ఎలా వాడుతున్నారో దగ్గరుండి చూసే యూజర్ రీసెర్చ్‌లో పడ్డాక. ఇదేం కొత్త వింత కాదు, ఇంటెల్ 1998లోనే జెనీవీవ్ బెల్ అనే ఆంత్రోపాలజిస్టుని పెట్టుకుంది. ఏం చేస్తామో ఒక్కటి చెప్తా. ఒక పేమెంట్ యాప్ వాళ్ళకి పని, హన్మకొండలో కిరాణా షాపులు. అంతకుముందు వాళ్ళు ఫోన్లో సర్వే చేయించారు, డబ్బు పడిందని ఎలా తెలుస్తుంది అని అడిగితే దాదాపు అందరూ "మెసేజ్ చూసుకుంటాం సార్" అన్నారు. నేను ఒక షాపులో రెండ్రోజులు బియ్యం బస్తా మీద కూర్చున్నా, ఊరికే. సాయంత్రం ఆరు దాటాక జనం మీద పడతారు, ఆయన చేతులకి నూనె, పప్పు కట్టే దారం నోట్లో, ఫోను గల్లాపెట్టె పక్కన బోర్లా పడుంది. ఒక్కసారి కూడా ఎత్తి చూళ్ళేదు. స్పీకర్ డబ్బా "నలభై రూపాయలు" అనగానే తల ఊపి తర్వాతి వాళ్ళని చూస్తున్నాడు. పక్క మెడికల్ షాపు డబ్బా అరిచినా ఇక్కడ తల ఊపుతున్నాడు, అక్కడ పడిన నలభైకి ఇక్కడ సబ్బు వెళ్ళిపోయింది. రాత్రి లెక్క తేలక భార్యాభర్తలు కీచులాడుకుంటుంటే నాకర్థమైంది ఏం జరుగుతోందో. సర్వేలో ఆయన అబద్ధం చెప్పలేదు, అడిగితే అలా చెప్పడం మర్యాద అంతే. మనుషులు చెప్పేదానికీ చేసేదానికీ మధ్య ఉన్న సందు చూడ్డమే మన చదువు, ఆ సందుకే కంపెనీలు డబ్బిస్తాయి.

ఇది నాకెక్కడ వచ్చిందంటే ఎంఏలో అరకు దగ్గర డుంబ్రిగుడ వైపు ఫీల్డ్ వర్క్‌లో. వంశవృక్షం రాసుకురమ్మన్నారు, నేను మొదటి రోజే నోట్‌బుక్ తీసి ఒక ముసలమ్మని మీ తాత పేరేంటి, వాళ్ళ నాన్న పేరేంటి అని మొదలెట్టా, ఆవిడ రాగులు చెరుగుతూ తల ఎత్తకుండా "మీ అమ్మ నిన్ను ఇట్లాగే అడగమని పంపిందా" అంది. మూడ్రోజులు నోట్‌బుక్ తియ్యలేదు. నాలుగో రోజు ఆవిడే పిలిచి నాలుగు తరాలు చెప్పింది.

కానీ ఒకటి, యూజర్ రీసెర్చ్ కంపెనీల వాళ్ళు "ఆంత్రోపాలజీ ఎంఏ కావలెను" అని బోర్డు పెట్టరు. డిజైన్ కోర్సు చేసినవాళ్ళు, సైకాలజీ వాళ్ళు, ఎంబీఏ వాళ్ళు అందరూ అక్కడే ఉంటారు. నాకు ఆ తలుపు తెరిచింది ఎంఏ కాదు, మధ్యలో పదేళ్ళు ఎన్‌జీవోల్లో బేస్‌లైన్, ఎండ్‌లైన్ సర్వేలు (ప్రాజెక్టుకి ముందు, తర్వాత చేసేవి) చేస్తూ నేర్చుకున్న స్టాటిస్టిక్స్, ఇంగ్లీషులో నలభై పేజీల రిపోర్టు రెండ్రోజుల్లో రాయగలగడం. నీకు పదేళ్ళు పట్టక్కర్లేదు. ఎంఏలో ఉండగానే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్లలో ఆర్ గానీ ఎస్‌పీఎస్ఎస్ గానీ ఒకటి, కంప్యూటర్లో చేసే జీఐఎస్ మ్యాపులు ఒకటి నేర్చుకో. హెచ్‌సీయూ గచ్చిబౌలిలో ఉంది, గేటు దాటితే కంపెనీలు, ఎండాకాలం ఇంటర్న్‌షిప్ కోసం తిరుగు. నీకు కోయ మాటలు వచ్చని రాశావ్ చూడు చివర్లో, ఏదో చిన్న విషయంలా, అది చిన్న విషయం కాదు, రెజ్యూమేలో మొదటి లైన్లో పెట్టు.

ఫారిన్ గురించి కూడా అడిగావ్ కాబట్టి చెప్తున్నా, అప్పు చేసి మాత్రం వద్దు. 25 లక్షల లోను, 11 శాతం వడ్డీ, పదేళ్ళు అనుకుంటే ఈఎంఐ నెలకి సుమారు 34,400. కంప్యూటర్స్ వాళ్ళు అమెరికాలో తీర్చేస్తారు, మనం తీర్చలేం. అక్కడ ఆంత్రోపాలజిస్టుల మధ్యస్థ జీతం ఏడాదికి సుమారు 64-65 వేల డాలర్లు, వినడానికి బాగానే ఉంటుంది, కానీ అంత పెద్ద దేశంలో ఆ పేరుతో ఉన్న ఉద్యోగాలు కొన్ని వేలే. పైగా మామూలు ఆంత్రోపాలజీ అమెరికా వాళ్ళ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) లిస్టులో లేదు, చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ ఒక్క ఏడాదే, ఎంఎస్ పిల్లలకి వచ్చే ఆ అదనపు రెండేళ్ళు మనకి రావు. వెళ్ళాలంటే పీహెచ్‌డీకి వెళ్ళు, అక్కడ మంచి డిపార్ట్‌మెంట్లు ఫీజు మాఫీ చేసి స్టయిపెండ్ ఇస్తాయి, ఆరేడేళ్ళు పడుతుంది అంతే. స్కాలర్‌షిప్‌లకి రూల్స్ ఆ ఏడాదివి చదువుకునే అప్లై చెయ్, ఎందుకంటే ఎస్సీ విద్యార్థుల నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, ఇండియా మీద సామాజిక పరిశోధన లాంటి టాపిక్‌లు తీసేశారు, అంటే మన సబ్జెక్టులో సగం పోయినట్టే కదా. ఇక్కడ కూడా లక్షల్లో ఫీజు తీసుకునే పెద్ద ప్రైవేట్ యూనివర్సిటీలున్నాయి, క్యాంపస్‌లు అద్దంలా ఉంటాయి, మన లెక్కకి నిలవవు, వదిలెయ్.

నేనైతే ఏం చేస్తా అంటే, సీటు తీసుకుంటా. తీసుకుని నాన్నగారికి మూడు మాటలిస్తా. రిటైర్మెంట్ డబ్బులో రూపాయి ముట్టను. ఎంఏ అయిన ఏడాదిలోపు జేఆర్ఎఫ్ రాకపోతే పీహెచ్‌డీ పేరుతో హాస్టల్లో కూర్చోను, దొరికిన పనిలో చేరతా. సివిల్స్ అటెంప్ట్‌లు అని ఏళ్ళు తినను. ఈ మూడో మాట నీకోసం కాదు, మా బ్యాచ్‌లో నాలుగు అటెంప్ట్‌లు ఇచ్చి ముప్పై రెండేళ్ళకి షాపు పెట్టుకున్నవాడు చెప్పమన్నాడు. ఒకవేళ ఇంట్లో ఇప్పుడే డబ్బు అవసరం ఉంటే, నువ్వు రాయలేదు గానీ ఉండొచ్చు, ఫార్మాలో చేరి ఇగ్నోలో ఇదే ఎంఏ దూరవిద్యలో చెయ్యొచ్చు, అప్పుడు ఆ 4,32,000 పోదు. క్లాస్‌మేట్లు, లైబ్రరీ, గురువులు, నెలరోజుల ఫీల్డ్ వర్క్ ఒకచోట ఉండి చెయ్యడం, అవి పోతాయి. నెట్ రాయడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

ఈ ఆదివారం నాన్నగారు షిఫ్ట్‌లో లేనప్పుడు పేపరూ పెన్నూ తీసుకుని ఆయన పక్కన కూర్చుని ఆ 5,52,000 లెక్క నువ్వే వెయ్యి, దాచకుండా, తొమ్మిదేళ్ళ సంగతితో సహా. ఆ తర్వాత 37 వేల లెక్క వెయ్యి. సింగరేణిలో అంతకాలం చేసిన మనిషికి షిఫ్టులు, ఓటీలు, బోనసు లెక్కలు నీకన్నా బాగా వచ్చు, ఎక్కడో ఒకచోట నన్ను తప్పు పడతారు. ఎక్కడ పట్టారో రాయి, చూద్దాం.